302 నుంచి 303కు, మన్నెగూడ మీదుగా

ఇళ్ళు మార్పించే పని నుంచి నేను రిటైరైపోయాను. వయసు ఇరవై తొమ్మిది. ఇప్పుడు ఆదిభట్లలో ఒక కర్మాగారంలో విడిభాగాల కొలతలు సరిచూసే ఉద్యోగం. అక్కడ ఒక బోల్టు వెంట్రుకవాసి తేడాగా ఉంటే తీసి పక్కన పెట్టేస్తాం. దాని మనసు నొచ్చుకుంటుందేమోనని ఎవరూ ఆలోచించరు. అందుకే ప్రశాంతంగా ఉంది.

అంతకు ముందు ఇబ్రహీంపట్నంలో ఒక ప్యాకర్స్ కంపెనీలో సూపర్‌వైజర్‌గా చేశాను. మా పాలిటెక్నిక్ జూనియర్లు కొందరు ఇప్పుడు అలాంటి కంపెనీల్లోనే చేరుతున్నారు. పనికొచ్చే మాట ఏదైనా చెప్పమని అడుగుతున్నారు. సరే, చెబుతాను. అల్మారా విప్పితే దాని నట్లు, బోల్టులు ఒక కవర్లో వేసి అదే అల్మారా కాలికి కట్టండి. ఫ్రిజ్‌ను పడుకోబెట్టకండి. అద్దాల మీద ఇంటూ గుర్తులా టేపు వేయండి. దేవుడి పటాలు బండిలోకి చివర ఎక్కాలి, మొదట దిగాలి. సాంకేతికంగా చెప్పాల్సింది ఇంతే. మిగిలినదంతా మనుషుల గురించి. దానికి నా దగ్గర ఉన్న ఉదాహరణ ఒక్కటే.

సాగర్ రోడ్డు నుంచి కాస్త లోపలికి ఒక అపార్ట్‌మెంట్. సామాను ఎంతుందో చూసి రమ్మని మా ఓనర్ పంపితే మూడో అంతస్తులో 302 తలుపు కొట్టాను. ప్రభుత్వ బడిలో లెక్కలు చెప్పే టీచరమ్మ తలుపు తీసింది. గదులన్నీ చూసి, మంచాలు, బీరువాలు రాసుకుని, చివరికి అడిగాను.

"షిఫ్టింగ్ ఎక్కడికి మేడమ్?"

ఆమె గడ్డంతో ఎదురు తలుపు చూపించింది. "అగో, అటు."

"అటు అంటే ఏ ఊరు?"

"ఊరు కాదు తమ్మీ. ఆ తలుపు."

ఎదురు తలుపు 303. అది కూడా తెరిచే ఉంది. లోపల కుట్టుమిషన్ ముందు ఒకామె బ్లౌజుకు హుక్కులు కుడుతోంది. ఆమెను అందరూ టైలరమ్మ అంటారు. "మాది కూడ రాస్కో తమ్మీ," అంది తల ఎత్తకుండా. "మేము ఇటుకెల్లి అటు పోతున్నం."

సంగతి ఇది. టీచరమ్మది రెండు పడకగదుల ఇల్లు. తుంటి ఎముక విరిగి దవాఖాన నుంచి వచ్చిన తల్లిని తన దగ్గరికి తెచ్చుకుంది, ఒక గది ఎక్కువ కావాల్సి వచ్చింది. టైలరమ్మది మూడు పడకగదుల ఇల్లు. కూతురికి పెళ్ళి చేసి పంపింది, ఒక గది ఎక్కువైంది. రెండు ఇళ్ళకూ ఓనర్ ఒక్కరే. ఇళ్ళు మార్చుకుంటే సరిపోతుందని ఇద్దరూ కూరగాయలు తరుగుతూ తేల్చేసుకున్నారు. ఏళ్ళ తరబడి వదినా అంటే వదినా అనుకునే మనుషులు.

వాళ్ళ మధ్య ఇంకో ఏర్పాటు కూడా ఉంది. టీచరమ్మ పొద్దున్నే యాచారం వైపు బస్సెక్కితే సాయంత్రం గానీ రాదు. మధ్యాహ్నం ముసలమ్మకు అన్నం పెట్టి, గోళీలు వేయించేది టైలరమ్మే. కూతురి పెళ్ళి పనుల్లో కూడా ఒక్క పూట తప్పలేదట. దానికి జీతం లేదు, కాగితం లేదు. ఈ ఇద్దరికీ చెడితే ముసలమ్మకు మధ్యాహ్నం దిక్కు లేదు, టీచరమ్మకు ఉద్యోగం సాగదు. ఇది నాకు ఎవరూ ప్రత్యేకంగా చెప్పలేదు. నేను రాసుకుంటున్నంతసేపూ ముసలమ్మ ఎదురింట్లో కూర్చుని, ఎదురింటి గిన్నెలో, ఎదురింటి పప్పు తింటోంది. అర్థమైపోయింది.

రెండు తలుపుల మధ్య దూరం టేపుతో కొలిచాను. ఏడడుగులు.

మా లోడింగ్ మేస్త్రిది రావిర్యాల. అందరం చాచా అంటాం. ఆయనకు ఈ లెక్క చెబితే నవ్వాడు. "ఏడడుగులా ఇంజినీర్ సాబ్? గంతల పెండ్లే అయిపోతది. డీసీఎం ఎందుకు?"

నేనూ అదే అనుకున్నాను. మనుషులు మోసి అటూ ఇటూ పెట్టేస్తే అయిపోయేదానికి బండి ఎందుకు? కానీ పనిని ముక్కలుగా విడదీసి చూస్తే, అది జరగడానికి వీల్లేదని తేలింది. ముహూర్తం ఇద్దరికీ ఒక్కటే, ఎందుకంటే అది దాటితే మూఢం వస్తోంది. పాలు పొంగించే లోపు ఏ ఇంట్లోనూ పాత వాళ్ళ సామాను ఒక్కటీ ఉండకూడదు. అంటే రెండు ఇళ్ళూ ఒకేసారి ఖాళీ కావాలి. కారిడార్‌లో సామాను పెడితే ఊరుకోనని అపార్ట్‌మెంట్ సెక్రటరీ ముందే చెప్పేశాడు. కాబట్టి రెండు ఇళ్ళ సామానూ కిందికి దిగి, బండెక్కి, మళ్ళీ పైకి రావాలి.

దానికి మా కంపెనీ యాప్ ఒప్పుకోలేదు. బయలుదేరే చోటూ, చేరే చోటూ ఒకటే అని రాస్తే ఎర్ర అక్షరాల్లో తిరస్కరించింది. ట్రిప్ మొదలుకాకపోతే పని మొదలుకాదు, ట్రిప్ ముగియకపోతే పని ముగియదు. ఓనర్‌కు ఫోన్ చేశాను.

"మన్నెగూడ పెట్టు," అన్నాడు.

"మన్నెగూడల ఎవరూ లేరన్నా."

"ఎవరూ ఉండొద్దు. చౌరస్తా దాక పోయి రాండ్రి. ట్రిప్ క్లోజైతది. మన్నెగూడ నుంచి ఇంటికి ఇంకో ట్రిప్."

పిచ్చి సంగతిలా ఉందే, కస్టమర్లకు ఎలా చెప్పాలి అనుకుంటూ మూడో అంతస్తుకు వెళ్ళి చెప్పాను. ఇద్దరూ మొహమొహాలు చూసుకున్నారు. ముసలమ్మ మాత్రం చాలా సంతోషించింది.

"నేను చెప్తనే ఉన్న, ఎవ్వరు ఇంటలేరు. ఎదురింట్లకు దుంకితె అది ఇల్లు మారుడా? పొలిమేర దాటి వచ్చిన సామానే సామాను. ఎవలో గాని తెలిసినోళ్ళే చెప్పిన్రు నీకు."

మా యాప్‌ను తెలిసినవాళ్ళు అన్న మనిషి నాకు తెలిసి ఆమె ఒక్కతే.

ప్యాకింగ్ ముందురోజు మొదలైంది. నా పద్ధతి నాకుంది. టీచరమ్మ సామానుకు ఆకుపచ్చ స్టిక్కర్లు, టైలరమ్మ సామానుకు పసుపు స్టిక్కర్లు. ప్రతి దాని మీదా నంబరు, ఆ నంబరు యాప్‌లో. సాయంత్రానికి మంచాలు, బీరువాలు, కుట్టుమిషన్లు, పుస్తకాల పెట్టెలు అన్నీ రంగులు వేసుకుని నిలబడ్డాయి. చూస్తే కడుపు నిండింది. వంటింటి దగ్గర మాత్రం పద్ధతి ఆగిపోయింది. వంటింటి సామాను మా వాళ్ళు ముట్టుకోవడానికి ఇద్దరూ ఒప్పుకోలేదు. ఎవరి గిన్నెలు వాళ్ళే సర్దుకుంటామన్నారు. అట్టపెట్టెలు వద్దట, గుడ్డల్లో మూటలు కట్టుకుంటారట. టీచరమ్మ దగ్గర పాత చీరలు అయిపోయాయి. "గంత దానికి చీరలెందుకు వదినా?" అని టైలరమ్మ తన దగ్గరున్న తెల్ల లైనింగ్ గుడ్డ తాను ఒకటి తెచ్చి, చర్రున చింపుతూ ఇద్దరికీ పంచింది. రెండు వంటిళ్ళ నుంచీ ఒకే గుడ్డ, ఒకే సైజు, ఒకే రకం ముడి. చూడముచ్చటగా ఉంది. వాళ్ళ స్నేహం మూటగట్టి నిలబెట్టినట్టుంది.

గుడ్డ మీద స్టిక్కరు అంటుకోదు. టైలరమ్మే గుండుసూదుల డబ్బా ఇచ్చింది. ప్రతి మూటకూ దాని రంగు స్టిక్కరును సూదితో గుచ్చి, ఇంటికి వెళ్ళి హాయిగా పడుకున్నాను.

తెల్లారేసరికి మా వాళ్ళు సామాను దింపడం మొదలుపెట్టారు. సూర్యుడు పైకి రాకముందే రెండు ఇళ్ళూ ఖాళీ. టీచరమ్మ, టైలరమ్మ చెరో దీపం పట్టుకుని, కారిడార్ మధ్యలో ఒకరినొకరు తప్పించుకుంటూ, కొత్త ఇళ్ళలో కుడికాలు పెట్టారు. కారిడార్‌లో ప్లాస్టిక్ కుర్చీ మీద కూర్చున్న ముసలమ్మ ఆజ్ఞ జారీ చేసింది. "దీపం పెట్టి గడప లోపలికి పోయినంక, పాలు పొంగేదాక బయటికి రావొద్దు. ఇద్దరికీ చెప్తున్న." భర్తలిద్దరూ మామిడాకుల కోసమని వెళ్ళారు. అవి మధ్యాహ్నం దాకా దొరకలేదు.

రెండు సంసారాలను ఎక్కించుకుని మా డీసీఎం మన్నెగూడకు బయలుదేరింది. డ్రైవర్ పక్కన నేను, నా పక్కన చాచా. ఎదురుగా కంపెనీ బస్సులు ఒకదాని వెనక ఒకటి ఆదిభట్ల వైపు వస్తున్నాయి. చౌరస్తాలో బండి ఆపగానే యాప్ ఆకుపచ్చగా వెలిగింది. సరుకు చేరిందట, శుభాకాంక్షలట. చాయ్ తాగి, అదే సరుకుతో మళ్ళీ ట్రిప్ మొదలుపెట్టి, వచ్చిన దారినే వెనక్కి తిరిగాం.

"సాబ్, దీన్ని నీ సదువుల ఏమంటరు?" అడిగాడు చాచా.

"రూటింగ్ అంటారు."

"మా ఊర్ల తిరుగుడు అంటం."

అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో సామాను దింపుతుంటే చాచా జేబులోంచి ఒక ప్లాస్టిక్ కవరు తీసి నా చేతిలో పెట్టాడు. లోపల స్టిక్కర్లు. ఆకుపచ్చవి, పసుపువి. సూదులు కూడా ఉన్నాయి.

"పొద్దున మూటలు నెత్తిన పెట్టుకుంటె పోరగాళ్ళకు సూదులు గుచ్చుకుంటున్నయి. అందుకే అన్ని తీసి భద్రం చేసిన. చూస్కో, ఒక్కటి పోలె."

నిజంగానే ఒక్కటీ పోలేదు. ఆకుపచ్చవన్నీ ఒక పక్క, పసుపువన్నీ ఒక పక్క పెట్టి రబ్బరు బ్యాండు కూడా వేశాడు. సెల్లార్‌లో తెల్ల మూటలు, అన్నీ ఒక్క తీరువి, గోడ పొడుగునా కూర్చుని ఉన్నాయి. పాలు పొంగించాల్సిన గిన్నెలు వాటిలో ఎక్కడో ఉన్నాయి. ముహూర్తం దగ్గర పడుతోంది.

మెట్లెక్కి పైకి పరుగెత్తాను. గడపలోపల నిలబడి టీచరమ్మ విన్నది. "ఫికర్ చెయ్యకు తమ్మీ. విప్పి చూడు. మా గిన్నెల మీద పేర్లుంటయి." ఎదురు గడపలోంచి టైలరమ్మ కూడా అదే చెప్పింది. "అవ్ తమ్మీ, మావాటి మీద కూడ ఉంటయి. ఫంక్షన్లకు పోతె మారుతయని నేనే కొట్టించిన." గిన్నె కొన్న షాపులోనే కరెంటు పెన్నుతో పేరు చెక్కించుకోవడం మనకు కొత్త కాదు. నా ప్రాణం లేచొచ్చింది. ఇంతకన్నా పక్కా గుర్తు ఏముంటుంది? నా స్టిక్కర్లు గుడ్డకు అంటుకోవు, ఇది స్టీలు మీద చెక్కిన అక్షరం.

మూటలన్నీ విప్పించాను. టీచరమ్మ, ఆమె భర్త పేర్లున్నవి ఎడమ వైపు. టైలరమ్మ, ఆమె భర్త పేర్లున్నవి కుడి వైపు. మేనమామలు, ఆడబిడ్డలు, తోటి టీచర్లు, ఇలా నాకు తెలియని పేర్లున్నవి మధ్యలో మూడో కుప్ప. మూటల లెక్క పోయింది కాబట్టి ఒక్కో గిన్నెనూ విడి వస్తువుగా యాప్‌లో ఎక్కించాను. డ్రైవర్ పేర్లు చదువుతుంటే నేను నొక్కుతూ పోయాను. అంత శుభ్రంగా విడిపోవడం చూసి నాకే ముచ్చటేసింది. పాల గిన్నెలు మాత్రం కొత్తవి, పేర్లు లేవు, ఏది ఎవరిదో తెలియలేదు. ఆ మాట పైకి వెళ్ళి చెబితే ముసలమ్మ విసుక్కుంది. "ఏదో ఒకటి ఇయ్యరాదు. పాలకు సదువొస్తదా?"

ముహూర్తంలోనే రెండు పొయ్యిల మీదా పాలు పొంగాయి. దేవుడి పటాలు ముందు, మంచాలు వెనక, గిన్నెలు ఆ వెనక. ఎడమ కుప్ప టీచరమ్మ కొత్త వంటింట్లోకి, కుడి కుప్ప టైలరమ్మ కొత్త వంటింట్లోకి. మూడో కుప్ప ముసలమ్మ కుర్చీ చుట్టూ. వాళ్ళే చూసుకుంటారు, సంతకాలు తీసుకుని వెళ్ళిపోదాం అనుకున్నాను.

మొదట టైలరమ్మ బయటికి వచ్చింది. చేతిలో పెద్ద స్టీలు హాట్‌బాక్సు. మూత మీద కంపెనీ కాగితం ఇంకా మెరుస్తోంది. ఎదురు గడపలో టీచరమ్మ నిలబడి ఉన్నా ఆమె వైపు చూడలేదు. నావైపే చూసింది.

"తమ్మీ, టీచరమ్మకు చెప్పు. ఆమె బిడ్డ ఓణీల ఫంక్షన్‌కు నేను పెట్టిన డబ్బా ఇది. వద్దనుకుంటె నోటితోని చెప్పచ్చు. గిట్ల తిప్పి పంపుడెందుకు?"

టీచరమ్మ లోపలికి వెళ్ళి ఇడ్లీ కుక్కర్ తెచ్చింది. "మరి ఇది? ఆమెను అడుగు తమ్మీ. ఆమె బిడ్డ పెండ్లికి నేను పెట్టిన కుక్కర్ నా వంటింట్లకు ఎట్లొచ్చింది? లోపల కాయితం కూడ తియ్యలె. బిడ్డకు ఇయ్యనే లేదు."

"బిడ్డ అత్తగారింట్ల జొన్న రొట్టెలు తింటరని చెప్పు తమ్మీ. ఇడ్లీల మొకం చూడరు. అందుకే దాచి పెట్టిన. ఆమె హాట్‌బాక్సు ఎందుకు వాడలేదో అడుగు."

"వేడిగ ఉంటె గద పెట్టుకునేది. బడికెల్లి వచ్చేసరికి నా ఇంట్ల అన్ని సల్లగనే ఉంటయని చెప్పు."

ఏడడుగుల కారిడార్‌లో, ఒకరి మాట ఒకరికి స్పష్టంగా వినిపిస్తూ ఉండగా, నేను మధ్యలో నిలబడి రెండు వైపులా తల ఊపుతున్నాను. అప్పుడు నాకు జరిగిందేమిటో వెలిగింది. సొంతానికి కొన్న గిన్నె మీద సొంతదారు పేరుంటుంది. ఫంక్షన్లకు కానుకగా వచ్చిన గిన్నె మీద పెట్టినవాళ్ళ పేరుంటుంది. ఇన్నేళ్ళలో ఈ రెండు ఇళ్ళూ ఒకదానికొకటి పెట్టుకోని ఫంక్షన్ లేదు. మేము సెల్లార్‌లో కూర్చుని, ఇచ్చినవన్నీ ఇచ్చినవాళ్ళకు చేర్చేశాం.

వివరించాను. ఎవరూ ఏదీ తిప్పి పంపలేదని, పేర్ల ప్రకారం విడదీశామని, ఒకటి రెండు మూడు అని వేళ్ళు మడుస్తూ చెప్పాను. దానివల్ల గొడవ పెద్దదయింది.

"అంటె నా పేరున్నయి అన్ని నాకే వచ్చినయా?" అని టైలరమ్మ లోపలికి పోయి ఒళ్ళో నింపుకుని వచ్చింది. టీచరమ్మ కూడా పోయి తెచ్చింది. జల్లెడ. మూతల డబ్బాల సెట్టు. పూజ పళ్ళెం. చెంబులు. ఒక్కొక్కటీ నేల మీద పెడుతూ, ఇది ఫలానా రోజుకు ఇచ్చింది, ఇది ఫలానా రోజుకు ఇచ్చింది, ఇది వాడలేదు, ఇది కూడా వాడలేదు. కొన్నింటి లోపల ఇంకా షాపు చీటీ ఉంది. కొత్త గిన్నె దాచుకోవడం, పాత గిన్నె వాడుకోవడం ఇద్దరికీ అలవాటే. కానీ ఎదుటి వాళ్ళు దాస్తే అది వేరే లెక్క.

"పది నిమిషాల పని మేడమ్," అన్నాను. "ఇవి అటు, అవి ఇటు. మా వాళ్ళే మార్చేస్తరు."

"ఇచ్చింది నేనెట్ల తీస్కుంట?" అంది టైలరమ్మ. "తీస్కొని మళ్ల ఎట్లిస్త? రెండోసారి పెడితె దాన్నేమంటరు?"

"ఖాళీ గిన్నెలా?" అంది కుర్చీలోంచి ముసలమ్మ. "ఇంటికి ఇంటికి నడుమ ఖాళీ గిన్నె నడువద్దు. కూర పంపిన గిన్నెల చారెడు చక్కెరన్న పోసి పంపుతం. గిన్ని గిన్నెలు ఖాళీగ తిప్పి పంపితె, అది తెగదెంపులే."

ఆమె ఒక నియమం చెప్పింది, అంతే. వాళ్ళిద్దరూ మాత్రం తీర్పు విన్నట్టు లోపలికి పోయారు. రెండు తలుపులూ మూసుకున్నాయి. ఏళ్ళుగా పగలంతా తెరిచే ఉండే తలుపులట అవి. చప్పుడు విని పక్క ఫ్లాటు వాళ్ళు బయటికి వచ్చి చూశారు. సెక్రటరీ కూడా వచ్చాడు.

"కారిడార్ల సామాను పెట్టొద్దని చెప్పిన గద. ఇవి ఎవరివి?"

"అదే మాట్లాడుకుంటున్నరు సార్," అన్నాడు చాచా.

మా వాళ్ళు మెట్ల మీద కూర్చున్నారు. సంతకాలు లేకుండా కదలడానికి లేదు. ముసలమ్మ మూడో కుప్ప మధ్యలో, చుట్టూ గిన్నెలతో, అంగడి పెట్టినట్టు కూర్చుంది. తర్వాత ఆమె చేతికర్రతో ఎడమ తలుపు తట్టింది.

"ఏమే, రేపు బడికి పోతవా?"

"పోత," లోపలి నుంచి టీచరమ్మ. "లీవు ఇయ్యాల ఒక్కదినమే."

"మరి రేపు నాకు బువ్వెవరు పెడ్తరు? ఈ ఇంజినీరు పెడ్తడా?"

కర్ర కుడి తలుపు మీదికి మారింది. తట్టకముందే టైలరమ్మ గొంతు వినిపించింది. "అత్తమ్మా, నీ బువ్వ సంగతి వేరే. గిన్నెల సంగతి వేరే. నీకు తెస్త."

"ఎట్ల తెస్తవు? బువ్వ గిన్నెలనే గద వచ్చేది. దోసిట్ల తెస్తవా?"

రెండు ఇళ్ళలోంచీ బెల్లం వాసన వస్తోంది. పొంగిన పాలతో ఇద్దరూ పరమాన్నం వండుతున్నారు. వండినది మొదట పొరుగింటికి పోవాలి. పొరుగిల్లు అంటే ఎదురు తలుపే. ఎవరు ముందు తీస్తారు? టీచరమ్మ గడియ కదిలినట్టు వినిపించింది, మళ్ళీ ఆగింది. టైలరమ్మ తలుపు బెత్తెడు తెరుచుకుంది, ఎదురు తలుపు మూసే ఉండడం చూసి మళ్ళీ మూసుకుంది.

ఇక్కడ నా చదువు ఒక్కసారి పనికొచ్చింది. రెండు డబ్బాల్లో ఉన్నవి ఒకదానిలోవి ఒకదానిలోకి మార్చాలంటే మూడో డబ్బా కావాలి. ప్రోగ్రామింగ్ మొదటి పాఠం ఇది. ఇటుది నేరుగా అటు పోవడానికి వీల్లేదు, అటుది నేరుగా ఇటు రావడానికి వీల్లేదు. మధ్యలో ఎవరిదీ కాని చోటు ఒకటి ఉండాలి. ముసలమ్మ కుర్చీ రెండు తలుపులకూ సరిగ్గా మధ్యలో ఉంది.

ఆమె దగ్గర కూర్చుని మెల్లగా అడిగాను. "అవ్వా, నీకు పరమాన్నం కావాలా?"

ఆమె నా మొహం చూసింది. ఏం అర్థమైందో గానీ రెండు తలుపులూ వినిపించేలా గొంతు పెంచింది. "ఆకలైతంది. గోళీ వేసుకునే యాళ్లయింది. ఎవరన్న ఇంత పరమాన్నం పెడితె తింట. గిన్నె ఏదైన పర్వలేదు."

రెండు తలుపులూ ఒకేసారి తెరుచుకున్నాయి. ముసలమ్మకు పెట్టడం అంటే ఎదురింటికి ముందుగా పంపడం కాదు కదా. టీచరమ్మ ఇడ్లీ కుక్కర్ నిండా పరమాన్నం తెచ్చింది. టైలరమ్మ హాట్‌బాక్సు నిండా తెచ్చింది. రెండూ ముసలమ్మ ఒళ్ళో పెట్టారు. ఆమె ఇందులోంచి ఒక చెంచా, అందులోంచి ఒక చెంచా తిన్నది. రుచుల గురించి ఏమీ అనలేదు. అంత తెలివి ఉంది.

"నాకు గింత సరిపోతది," అని కుక్కర్‌ను టైలరమ్మ వైపు, హాట్‌బాక్సును టీచరమ్మ వైపు తోసింది. "మిగిలింది మీరు తినున్రి. గిన్నె ఖాళీగ లేదు, చూస్కోన్రి."

టైలరమ్మ కుక్కర్‌ను చూసింది. "బెల్లం జర తక్కువేసినవ్ వదినా," అంది.

"మాడు వాసన నాది కాదు," అంది టీచరమ్మ.

అక్కడి నుంచి దారి దొరికింది గానీ పని తేలికగా లేదు. నేల మీద ఇంకా గిన్నెలు ఉన్నాయి. అన్నీ అవ్వ ఒళ్ళోంచే వెళ్ళాలి, అన్నీ నిండుగా వెళ్ళాలి. పరమాన్నం మూడు గిన్నెలకే అయిపోయింది. తర్వాత బియ్యం. తర్వాత కందిపప్పు. చెంబుల్లో నీళ్ళు పోయవచ్చా అని టైలరమ్మ అడిగితే, మజ్జిగ అయితే ఫర్వాలేదని అవ్వ తీర్పు. మూతల డబ్బాల్లో ఒకదానిలో మెంతులు, ఒకదానిలో గుండీలు. జల్లెడ దగ్గర అందరం ఆగిపోయాం. చాచా ఒక నిమ్మకాయ వేసి పంపాడు. చివరికి వచ్చేసరికి రెండు వంటిళ్ళలోనూ పంపడానికి ఏమీ మిగల్లేదు. ఒక పెద్ద పళ్ళెంలో ఒకే ఒక్క యాలక్కాయ దొర్లుకుంటూ కారిడార్ దాటింది. మా డ్రైవర్ దాన్ని రెండు చేతులా పట్టుకుని మోశాడు. సెక్రటరీ అడ్డు చెప్పడానికి వచ్చి, దోసిట్లో పరమాన్నంతో వెనక్కి వెళ్ళాడు.

మూడో కుప్ప దానంతటదే సర్దుకుంది. మేనమామ పేరున్నది మేనమామ ఉన్న ఇంటికి. ఇద్దరూ చాలా మర్యాదగా, ఇది మీది కావచ్చు వదినా, కాదు వదినా మీదే, అంటూ పంచుకున్నారు. భర్తలు మామిడాకులతో వచ్చారు.

ఆఖరికి ఒక గిన్నె మిగిలింది. చిన్న స్టీలు టిఫిన్ గిన్నె, పక్కన సొట్ట. పేరు ఉండాల్సిన చోట అక్షరాలు తోమి తోమి అరిగిపోయి, నున్నగా ఒకటి రెండు గీతలు మాత్రం ఉన్నాయి. వెలుతురుకు పట్టి చూశాను. చదవడం నా వల్ల కాలేదు.

"ఇది ఎవరిది మేడమ్?"

"వదినది," అంది టీచరమ్మ.

"కాదు, టీచరమ్మోళ్ళది," అంది టైలరమ్మ. "నేను తోమి ఇచ్చేదాన్ని అంతే."

"నేను ఇవతల తోమి ఇచ్చేదాన్ని."

రోజూ మధ్యాహ్నం ముసలమ్మ అన్నం ఏ గిన్నెలో అటు ఇటు నడిచేదో అది ఆ గిన్నె. మొదట ఎవరింట్లో ఉండేదో ఇద్దరికీ గుర్తులేదు. యాప్‌లో ఆ వస్తువు ముందు నా వేలు ఆగింది. 302 నొక్కాలా, 303 నొక్కాలా? మూడో గడి లేదు. ముసలమ్మ దాన్ని నా చేతిలోంచి తీసుకుని కుర్చీ కింద పెట్టుకుంది.

"రేపటికి కావాలె," అంది. "నువ్వు పో బిడ్డా."

ఇద్దరూ సంతకాలు పెట్టారు. అన్నీ అందాయని, ఏదీ పగల్లేదని. యాప్ మాత్రం పని ముగించలేదు. ఒక వస్తువు ఇంకా ఇల్లు చేరలేదు అని చూపిస్తూనే ఉంది. ఓనర్ ఫోన్ చేసి ఏదో ఒక ఇల్లు నొక్కెయ్యమన్నాడు. నొక్కలేదు. కొలతల విషయంలో నేను మొండివాణ్ణి, తప్పు చోట టిక్కు పెట్టడం నాకు చేతకాదు. నేను ఆ ఉద్యోగం మానేసిన రోజున కూడా నా పేరు మీద తెరిచి ఉన్న పని అదొక్కటే.

ఈ మధ్య చాచా కనిపించాడు. కంపెనీ ఇంకా ఆ యాప్‌నే వాడుతోందట. మూడో అంతస్తుకు ఏదో పని మీద పోతే ముసలమ్మ ఇప్పుడు కర్ర లేకుండానే నాలుగు అడుగులు వేస్తోందట. రెండు తలుపులూ తెరిచే ఉన్నాయట. నేను యాప్ సంగతి అడిగాను. నవ్వి ఫోన్ తీసి చూపించాడు. అన్ని పనుల కింద, అట్టడుగున, నా పేరు పక్కన ఒకే ఒక వరుస.

స్టీలు గిన్నె, ఒకటి. దారిలో ఉంది.